తెర వెలిగే ముందు

తరగతి గోడకు పెద్ద తెర బిగించడం ఒక్క పూట పని. మేస్త్రీ వచ్చి నాలుగు బోల్టులు వేస్తాడు, కంపెనీ మనిషి ప్లగ్గు పెట్టి ఆన్ చేసే మీట ఎక్కడుందో చూపిస్తాడు, హెచ్.ఎం. రిజిస్టర్‌లో సంతకం పెడతారు. అక్కడి నుంచి భారం టీచర్ మీద పడుతుంది. సోమవారం మూడో పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లలు నలభైమంది ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ తెర మీద ఏం రావాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ ఆపాలి, ఆపి ఏం అడగాలి అన్నది ఏ కంపెనీ మనిషీ చెప్పడు. ఈ అధ్యాయం ఆ ప్రశ్నల గురించే. ఇందులో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట: టెక్నాలజీలో టీచర్ శిక్షణ పిల్లలు తడబడే చోటు నుంచి మొదలవ్వాలి, పరికరం ఆ తర్వాతే రావాలి. పాఠంలో ఏ మలుపు దగ్గర పిల్లలు వెనకబడతారో తెలిసిన టీచర్‌కు పరికరం వారం రోజుల్లో అలవాటవుతుంది. అది తెలియకుండా పరికరం వాడకం మాత్రమే నేర్చుకుంటే ఆ తెర ఇంకో నల్లబల్లగా మిగులుతుంది. కాకపోతే దీనికి కరెంటు బిల్లు కూడా వస్తుంది.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా మన దేశంలో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు అందించే ప్రయోగం జరిగింది. ‘సైట్’ అని పేరుపెట్టిన ఆ పనికి అమెరికా తన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ సెట్లు వెళ్ళాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఆ ప్రయోగంలో ఊరి జనం టీవీ ముందు గుమిగూడిన సంగతే ఎక్కువగా చెప్పుకుంటారు గానీ, మనకు పనికొచ్చేది దాని పక్కనే జరిగిన మరో పని. పన్నెండేసి రోజుల చొప్పున రెండు విడతలుగా సుమారు యాభై వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. వాళ్ళను టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేయలేదు. టీవీ పాఠానికి తోడు రేడియో, అచ్చు పుస్తకం, చేత్తో చేసే ప్రయోగాలు, దగ్గరుండి చర్చ నడిపే ఒక టీచర్, ఇవన్నీ కలిపి ఒక కట్టుగా తయారుచేశారు. చూసినదాన్ని చేసి చూసుకోవాలని, పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలని యాభై ఏళ్ళ కిందటే మనవాళ్ళకు తెలుసన్నమాట.

తెలిసిన ఆ సంగతి తర్వాతి విడతల్లో వెనకపడింది, పరికరాలు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి. 1984లో ‘క్లాస్’ పథకం కింద కొన్ని బడులకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. కరోనా ఏడాది 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ళ టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. మరుసటి ఏడాది ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ (ఐ.ఎఫ్.పి.) తెరలు తరగతి గోడలకెక్కాయి. 2023-24 యు-డైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలోని బడుల్లో 57 శాతం చోట్ల పనిచేసే కంప్యూటర్లు, దాదాపు 54 శాతం చోట్ల ఇంటర్నెట్ ఉన్నాయి. కాబట్టి “మా బడికి పరికరం ఎప్పుడొస్తుంది” అన్న ప్రశ్న పాతబడిపోతోంది. వచ్చినదానితో పిల్లలకు చదువు పెరిగిందా లేదా అన్నది అడగాల్సిన రోజులివి.

పరికరం ఒక్కటే ఏం చేయగలిగింది?

దీనికి జవాబు ఊహించాల్సిన పనిలేదు, లెక్కలున్నాయి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకాన్ని భారీగా అమలు చేసింది. అక్కడి 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల మీద జరిగిన అధ్యయన ఫలితాలు 2012లో బయటకొచ్చాయి. లాటరీ పద్ధతిలో కొన్ని బడులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా ఉంచి, రెండు రకాల బడుల పిల్లలనూ పోల్చారు. అంతకుముందు ఎనిమిదిమందికి ఒక కంప్యూటర్ ఉన్న చోట పిల్లకొకటి దాటి వచ్చాయి. అయినా సుమారు ఏడాదింబావు తర్వాత పరీక్షపెడితే భాషలో గానీ లెక్కల్లో గానీ తేడా కనిపించలేదు. సాధారణ ఆలోచనాశక్తి పరీక్షల్లో కొంత మేలు కనబడిన మాట నిజమే, కానీ బడి చదువుకు అది అందలేదు. లెక్కల పాఠానికి, ల్యాప్‌టాప్‌కు మధ్య వంతెన వేసే మనిషి టీచరే. ఆ వంతెన ఎలా వేయాలో టీచర్‌కు ఎవరూ సరిగా చెప్పలేదు. సంపన్న దేశాల సంగతీ ఇంతే. పదిహేనేళ్ళ పిల్లలకు పెట్టే పీసా పరీక్షల ఫలితాలను పరిశీలించిన ఓ.ఇ.సి.డి. 2015లో ఒక నివేదిక ఇచ్చింది. బడుల్లో కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడంలో, లెక్కల్లో, సైన్సులో చెప్పుకోదగ్గ మెరుగుదల ఏమీ రాలేదని అందులో తేల్చింది.

ఇంతటితో ఆగితే “అయితే ఈ తెరలన్నీ దండగే” అనాలి. ఆ మాట తొందరపాటు. పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో రెండు ప్రయోగాలు చేశారు. ఒకదాంట్లో ఎనిమిదో తరగతి లెక్కలు, సైన్సు టీచర్లకు పాఠానికి సరిపోయే చిన్న చిన్న వీడియోలున్న ట్యాబ్, తరగతిలో ఒక తెర, కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. వీడియో ఎప్పుడు వేయాలో, ఎక్కడ ఆపాలో టీచరే నిర్ణయించుకున్నారు. నాలుగు నెలల్లో పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. రెండోదాంట్లో దాదాపు అలాంటి పాఠాలనే టీచర్‌ను పక్కనపెట్టి నేరుగా పిల్లల ట్యాబ్‌లలో ఇచ్చారు. ఆ పిల్లల మార్కులు పెరగకపోగా తగ్గాయి. ఉన్న సరుకు ఒకటే, వెళ్ళిన దారి వేరు. గుజరాత్‌లో జ్ఞానశాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ మీద లీ లిండెన్ చేసిన పరిశోధనలోనూ ఇదే బయటపడింది. రోజూ జరిగే పాఠం ఆపి కంప్యూటర్ దగ్గరికి పంపిన పిల్లలు మామూలు పిల్లలకన్నా తక్కువ నేర్చుకున్నారు. బడి అయ్యాక అదనంగా వాడుకున్న పిల్లలు లాభపడ్డారు. ఆ బడుల్లో టీచర్ పాఠం బాగానే నడుస్తోంది. బాగా నడుస్తున్నదాన్ని తీసేసి ఆ స్థానంలో యంత్రాన్ని పెడితే నష్టం రాక తప్పదు.

మూడో సాక్ష్యం ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం అది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో మాధ్యమిక తరగతుల పిల్లలు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కూర్చునేవారు. అది ఒక్కో పిల్లవాడి స్థాయిని కొలిచి, అక్కడి నుంచి ప్రశ్నలు ఇస్తుంది. ఏడో తరగతి పుస్తకం పట్టుకున్న పిల్లవాడి లెక్క నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయి ఉంటే, అతనికి నాలుగో తరగతి లెక్కే వస్తుంది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ గట్టి మెరుగుదల కనిపించింది. ఇక్కడ యంత్రం ఏ పని చేసిందో గమనించండి. నలభైమందికి నలభై స్థాయిల్లో ఒకే గంటలో పాఠం చెప్పడం ఎంత గొప్ప టీచర్‌కైనా సాధ్యం కాదు. యంత్రం సరిగ్గా ఆ ఖాళీలో కూర్చుంది. ఈ మూడు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం దొరుకుతుంది. టీచర్ చేయలేని పనిని యంత్రానికి అప్పగించిన చోట చదువు పెరిగింది, టీచర్ కుర్చీలో యంత్రాన్ని కూర్చోబెట్టిన చోట తగ్గింది. ఏది ఎవరి పని అని పంచగలగడమే టీచర్ నేర్చుకోవాల్సిన అసలు విద్య.

పాఠం, పిల్లలు, పరికరం

ఈ విద్యకు పండితులు ఒక రూపం ఇచ్చారు. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధించడం తెలియడం ఇంకొకటి, ఈ సబ్జెక్టును ఈ పిల్లలకు ఎలా బోధించాలో తెలియడం మూడోదని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో చెప్పాడు. భిన్నాలు తెలిసినవాళ్ళందరికీ పిల్లలు “మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దది” అని ఎందుకు అనుకుంటారో తెలియదు. అది భిన్నాల టీచర్‌కు మాత్రమే తెలిసే సంగతి. 2006లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన పుణ్య మిశ్రా, మాథ్యూ కేలర్ దీనికి పరికరాన్ని జతచేశారు. సబ్జెక్టు, బోధన, సాంకేతికత మూడూ విడివిడిగా వస్తే సరిపోదని, మూడూ కలిసే చోట నిలబడడం టీచర్‌కు రావాలని వాళ్ళ వాదన. మన శిక్షణల్లో జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. ఒక రోజు సబ్జెక్టు, ఇంకో రోజు బోధనా పద్ధతులు, చివరి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పరికరం. మూడూ ఒకే పాఠంలో కలవడం అనేది టీచర్ ఇంటికెళ్ళి సొంతంగా చేసుకోవాల్సిన హోంవర్క్‌గా మిగిలిపోతోంది.

అవి కలిస్తే ఎలా ఉంటుందో ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. ఏడో తరగతి లెక్కల్లో త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. ఒక టీచర్ తెర వెలిగించి ఆరు నిమిషాల వీడియో వేస్తారు. రంగురంగుల త్రిభుజం మూలలు ఊడివచ్చి సరళరేఖ మీద వరసగా కూర్చుంటాయి, వెనక సంగీతం వినిపిస్తుంది. పిల్లలు సంతోషంగా చూస్తారు, “అర్థమైందా” అంటే “అయింది సార్” అంటారు, నోట్సు రాసుకుంటారు. ఇంకో టీచర్ తెర జోలికి పోకుండా మొదలుపెడతారు. ప్రతి పిల్లా నోట్సులో తనకు తోచిన త్రిభుజం గీసి, కోణమానినితో మూడు కోణాలూ కొలిచి కూడాలి. బోర్డు మీద జవాబులు వరసగా పడతాయి: 178, 181, 180, 183. ఇప్పుడు టీచర్ అడుగుతారు: “త్రిభుజం మారితే మొత్తం మారుతుందా, లేక మన కొలతలో తప్పుందా?” తరగతి రెండు పక్షాలుగా చీలుతుంది. అప్పుడు తెర వెలుగుతుంది. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక త్రిభుజం, పక్కన మూడు కోణాలు, వాటి మొత్తం కనబడతాయి. పై శీర్షాన్ని వేలితో పట్టుకుని, లాగకుండా ఆగి, “దీన్ని చాలా పైకి లాగితే మొత్తం పెరుగుతుందా, తగ్గుతుందా” అని చేతులెత్తిస్తారు. తర్వాత లాగుతారు. మూడు అంకెలూ గబగబా మారిపోతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గర కదలదు.

ఈ రెండో పాఠంలో తెర వెలిగింది నాలుగు నిమిషాలే. కానీ కాగితం మీద గంటసేపు గీసినా చూపలేనన్ని త్రిభుజాలను ఆ నాలుగు నిమిషాల్లో చూపింది. ఆ తర్వాత టీచర్ దాన్ని ఆపేస్తారు. ఎందుకంటే “ఎప్పుడూ 180 ఉంటుంది” అని మాత్రమే తెర చూపగలదు, “ఎందుకు 180” అన్నది చూపలేదు. దానికి శీర్షం గుండా భూమికి సమాంతరంగా ఒక గీత గీసి, ఏకాంతర కోణాలు గుర్తుచేయాలి. అది సుద్దముక్క పని. ఇందులో ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. కోణాలను పూర్ణసంఖ్యల్లోకి సవరించి చూపేలా పెడితే, అసలు కోణాలు 45.4, 67.3, 67.3 అయినప్పుడు తెర మీద 45, 67, 67 అని పడుతుంది. కూడితే 179. ముందురోజు ఇంట్లో ఒకసారి లాగి చూసుకోని టీచర్ తరగతి ముందు కంగారుపడతారు. చూసుకున్న టీచర్ దాన్నే ఒక ప్రశ్నగా మార్చి, “ఒక డిగ్రీ ఎక్కడికి పోయింది” అని అడిగి సవరింపు పాఠాన్ని కూడా అక్కడే చెప్పేస్తారు. ఆ రెండు స్థితుల మధ్య తేడా పది నిమిషాల సాధన, దాని వెనక పాఠం మీద పట్టు.

కాబట్టి లెసన్ ప్లాన్ రాసేటప్పుడు ‘బోధనోపకరణాలు’ అన్న గడిలో ‘ఐ.ఎఫ్.పి.’ అని రాసి ఊరుకోకండి. ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో ఒక వాక్యంలో రాయండి. ఆ తడబాటును సుద్దముక్కతో, రాయీరప్పలతో, కాగితం మడతతో తీర్చగలిగితే తెర అక్కర్లేదని నిస్సంకోచంగా రాయండి. తీర్చలేకపోతే తెర ఏ నిమిషంలో వెలుగుతుందో, ఏ నిమిషంలో ఆరుతుందో, వెలిగించే ముందు పిల్లలను ఏం ఊహించమంటారో రాయండి. ఊహించమని అడగడం ముఖ్యం. ఏం జరుగుతుందో ముందుగా ఒక మాట అన్న పిల్లవాడికి ఆ తర్వాత కనిపించేది తన పందెం ఫలితం అవుతుంది, కళ్ళు తిప్పుకోడు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తెర మీద ఉన్న వాక్యాన్నే గట్టిగా చదివి వినిపించకండి. బొమ్మతో పాటు మాట వింటే పిల్లలు బాగా నేర్చుకుంటారని, అదే మాట అక్షరాల్లో కూడా కనబడితే వాళ్ళ దృష్టి చీలి నేర్చుకోవడం తగ్గుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల్లో తేలింది. మాటలు మీరు చెప్పండి, బొమ్మను తెరకు వదిలేయండి.

శిక్షణ ఎక్కడ జరగాలి?

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలంది. 2019లో మొదలైన ‘నిష్ఠ’ శిక్షణ కరోనా కాలంలో దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చాక దేశమంతా టీచర్లు ఫోన్‌లోనే కోర్సులు పూర్తిచేస్తున్నారు. అందుబాటు పెరగడం మంచిదే. అయితే 50 గంటల్ని రెండు రకాలుగా ఖర్చుపెట్టవచ్చు. వీడియో నడుస్తుండగా టీ తాగి, చివర పది ప్రశ్నలకు టిక్కు పెట్టి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. లేదా అందులో సగం గంటలను తన సొంత తరగతిలో, తన సొంత పాఠం మీద, పక్క టీచర్ చూస్తుండగా గడపవచ్చు. ఏది పనిచేస్తుందో దక్షిణాఫ్రికాలో తూకం వేసి చూశారు. చిన్న తరగతుల్లో చదవడం నేర్పే టీచర్లకు ఒకే రకం లెసన్ ప్లాన్లు, పుస్తకాలు ఇచ్చి, కొందరిని కేంద్రానికి పిలిపించి శిక్షణ ఇచ్చారు. మిగిలినవాళ్ళ తరగతులకు మార్గదర్శకులను పంపారు, వాళ్ళు వెనక బెంచీలో కూర్చుని చూసి సలహా చెప్పారు. రెండేళ్ళకు చూస్తే తరగతికే మనిషి వచ్చిన చోట పిల్లల మెరుగుదల సుమారు రెండింతలుంది. శిక్షణ హాల్లో అర్థమైంది తరగతి గడప దగ్గర జారిపోతుంది. జారకుండా పట్టుకునే చేయి తరగతిలోనే ఉండాలి.

ప్రతి బడికీ మార్గదర్శకుణ్ణి పంపే స్తోమత మనకు ఇప్పుడు లేకపోవచ్చు. కానీ ఆ పనిలో చాలా భాగం తోటి టీచర్లు చేయగలరు. బి.ఇడి.లో అందరూ చేసిన సూక్ష్మబోధనను ఒకసారి గుర్తుచేసుకోండి. ఐదారుగురు పిల్లల్లా కూర్చుంటే, ఒకరు ఏడెనిమిది నిమిషాలు ఒక్క నైపుణ్యం మీద పాఠం చెబుతారు. ఉద్యోగం వచ్చాక దాన్ని అటకెక్కించాం. దాన్ని కిందికి దించండి. నెలలో మొదటి వారం ఒక్క పాఠం ఎంచుకోండి, పిల్లలు పోయిన పరీక్షలో తప్పులు చేసిన పాఠమైతే మరీ మంచిది. రెండో వారం మధ్యాహ్నం విరామంలో ఇద్దరు తోటి టీచర్ల ముందు తెర వెలిగే ఆ నాలుగైదు నిమిషాలు మాత్రం చెప్పి చూపండి. మూడో వారం తరగతిలో చెప్పండి. ఒక సహోద్యోగి వెనక కూర్చుని మీరు ఏం చేశారో కాకుండా పిల్లలు ఏం చేశారో రాయాలి: ఎంతమంది చేతులెత్తారు, ఏ తప్పు జవాబులు వచ్చాయి, వెనక బెంచీకి తెర కనబడిందా లేదా. నాలుగో వారం అదే పాఠాన్ని సవరించి, కాంప్లెక్స్ మీటింగ్‌లో పది నిమిషాలు పంచుకోండి. కాంప్లెక్స్ మీటింగ్‌లో సర్క్యులర్లు చదవడానికి పోయే సమయంలో కొంత దీనికి మళ్ళితే, ఏడాదిలో ఒక్కో టీచర్ చేతిలో ఎనిమిది తొమ్మిది గట్టి పాఠాలుంటాయి. కాంప్లెక్స్‌లో పదిమంది లెక్కల టీచర్లుంటే దాదాపు సిలబస్ మొత్తం అందరికీ సిద్ధంగా ఉంటుంది.

ఇందులో హెచ్.ఎం. వంతు చిన్నది కాదు. ఇద్దరు టీచర్లకు ఒకే విరామం దొరికేలా టైం టేబుల్ సర్దడం, తెర పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద అంటించడం, కొత్తగా ప్రయత్నించిన పాఠం తడబడితే మందలించకుండా ఉండడం ఆయన చేయగల పనులు. టెక్నాలజీ వాడకాన్ని ‘ఎన్ని గంటలు ఆన్‌లో ఉంది’ అని కొలిచే చోట టీచర్లు దాన్ని ఆన్ చేసే ఉంచుతారు. పిల్లల నోట్సులో తేడా వచ్చిందా అని చూసే హెచ్.ఎం. ఉన్న బడిలో అవసరమైనప్పుడే వాడతారు.

మీరు అడగబోయే ప్రశ్నలు

ఇంత చదివాక మీలో మొదట లేచే ప్రశ్న సమయం గురించే ఉంటుంది. సిలబస్ పూర్తికాక సతమతమవుతుంటే ఈ ప్రయోగాలు ఎప్పుడు చేయాలి? న్యాయమైన ప్రశ్నే. అందుకే ప్రతి పాఠానికీ తెర వాడమని నేను అనడం లేదు, నెలకు ఒక్కటి అంటున్నాను. పైగా ఏ పాఠాన్ని పిల్లలు తప్పుగా అర్థం చేసుకుంటారో, దాన్ని పై తరగతుల్లో మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. భిన్నాలు రాని పిల్లవాడి దగ్గర బీజగణితం టీచర్ పోగొట్టుకునే సమయం ఎవరూ లెక్కరాయరు. ఒక పాఠాన్ని గట్టిగా నిలబెట్టడానికి పోయిన రెండు పీరియడ్లు తర్వాతి ఏడాది తిరిగి వస్తాయి.

రెండో అభ్యంతరం కరెంటు, నెట్. పీరియడ్ మధ్యలో కరెంటు పోతే పాఠం నడిరోడ్డు మీద ఆగిపోదా? ఆగిపోయేది మొత్తం పాఠాన్ని తెరకు అప్పగించినప్పుడే. తెర నాలుగు నిమిషాలే అయితే, ఆ నాలుగు నిమిషాలకు ప్రత్యామ్నాయం జేబులో ఉంచుకోవడం కష్టం కాదు. త్రిభుజం పాఠంలో కాగితం మూలలు చింపి అతికించే పని ఎప్పుడూ సిద్ధమే. నెట్ మీద ఆధారపడకుండా ముందురోజే దింపుకుని పెట్టుకోగలిగే సరుకే ఎంచుకోండి. జియోజీబ్రాను అలాగే వాడుకోవచ్చు. కొలరాడో యూనివర్సిటీ 2002 నుంచి ఉచితంగా ఇస్తున్న ఫెట్ సైన్సు సిమ్యులేషన్లు కూడా చాలావరకు దింపుకోవడానికి వీలవుతాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి.

మూడోది వయసు, బిడియం. “ఫోన్ వాడకంలో పిల్లలే మాకన్నా ముందున్నారు, వాళ్ళ ముందు తడబడితే పరువేం ఉంటుంది” అనే సీనియర్ టీచర్లు చాలామంది. గ్రామీణ భారతం మీద 2024 అసర్ సర్వే ఏం చెప్పిందో చూడండి. 14–16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. కానీ సర్వేకు ముందు వారంలో దాన్ని ఏదో ఒక చదువు పనికి వాడినవాళ్ళు 57 శాతమే, సోషల్ మీడియాకు వాడినవాళ్ళు 76 శాతం. వేళ్ళు చురుగ్గా కదలడం వేరు, నేర్చుకోవడానికి వాడుకోవడం వేరు. ఆ రెండోదాన్ని ఇరవై ఏళ్ళుగా పిల్లల తప్పులు దిద్దుతున్న సీనియరే నేర్పగలరు. మీట ఎక్కడుందో తెలియకపోతే ముందు బెంచీ పిల్లను పిలవండి. మీట ఆ పిల్ల నొక్కుతుంది, ప్రశ్న మీరు అడుగుతారు. పరువు పోయేది ప్రశ్న లేనప్పుడే.

నాలుగోది అభ్యంతరం అనేకన్నా గోడు అనాలి. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్, ఇలాంటివన్నీ ఎక్కించేసరికి టెక్నాలజీ అంటేనే విసుగు పుడుతోందని టీచర్లు అంటారు. ఆ విసుగుకు కారణం ఉంది. పాలన కోసం వాడే సాంకేతికతను, పాఠం కోసం వాడేదాన్ని ఒకే పేరుతో పిలిచి ఒకే ఫోన్‌లో కుక్కితే టీచర్‌కు రెండూ బరువుగానే తోస్తాయి. మొదటిది అధికారుల అవసరం, దాన్ని తగ్గించమని సంఘాల ద్వారా అడగడం మీ హక్కు. రెండోది మీ పనిముట్టు. మొదటిదాని మీద కోపం రెండోదాని మీద చూపిస్తే నష్టపోయేది మీ పిల్లలే.

చివరిది ఈ మధ్య బలంగా వినబడుతున్న మాట. కృత్రిమ మేధ వచ్చాక ప్రశ్నకు జవాబు ఫోనే చెబుతుంటే టీచర్‌కు శిక్షణ ఎందుకు? ఢిల్లీ ప్రయోగంలో సాఫ్ట్‌వేరే నేర్పింది కదా? అక్కడ కూడా కేంద్రంలో పిల్లలు గడిపిన గంటన్నరలో సగం సమయం చిన్న గుంపులుగా ఒక మనిషి దగ్గర కూర్చునే గడిచింది. ఆ కేంద్రాలకు వచ్చినవాళ్ళు బడి అయ్యాక కూడా చదువుకోవాలని వచ్చిన పిల్లలు. నేర్చుకోవాలన్న కోరిక లేని పిల్లవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, ఆకలిగా ఉందా అని చూసి, నిన్న ఎందుకు రాలేదని అడిగే పని ఏ యంత్రమూ తలకెత్తుకోలేదు. యంత్రం తెలివి పెరిగేకొద్దీ, దాని జవాబు సరైనదో కాదో, ఈ పిల్లకు ఈ రోజు అవసరమో కాదో తేల్చే మనిషి అవసరం పెరుగుతుంది. తప్పు జవాబు కూడా ధీమాగా చెప్పే యంత్రం చేతికొచ్చిన రోజుల్లో టీచర్ తీర్పుకు విలువ ఇంకా ఎక్కువ.

ఇక పుస్తకం మూసి ఒక పని చేయండి. రేపు మీరు చెప్పబోయే పాఠం తీయండి. అందులో పిల్లలు ఏటా తప్పు చేసే చోటు మీకు తెలుసు, పెన్సిల్‌తో దాని పక్కన ఒక గీత గీయండి. ఆ గీత పక్కన, “ఇక్కడ నేను సుద్దముక్కతో చూపలేనిది ఏమిటి?” అని రాయండి. జవాబు “ఏమీ లేదు” అయితే తెర ఆపేసి నిశ్చింతగా పాఠం చెప్పండి. జవాబు దొరికితే మాత్రం ఈ సాయంత్రం బడి వదిలాక తెర ముందు పది నిమిషాలు ఒంటరిగా నిలబడండి.